ఉల్లి షెడ్డులో ప్రోగ్రెస్ కార్డులు

ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. చెప్పాననడం కన్నా ర్యాంకులు వేశానంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. వారానికొక పరీక్ష, పరీక్షకొక ర్యాంకు, ర్యాంకుకొక చివాటు. పిల్లల పేర్లు మర్చిపోయేదాన్ని గాని ర్యాంకులు మర్చిపోయేదాన్ని కాదు. చివరికి నా మీద నాకే రోత పుట్టి మానేశాను. ఇక మీదట ఎవరికీ మార్కులు వెయ్యని పనేదైనా చేసుకుని బతకాలని ఒట్టు పెట్టుకున్నాను. నా ఒట్లన్నీ ఆరంభశూరత్వాలే.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనక ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. బిర్యానీలోకి ఉల్లిపాయలు సన్నగా తరిగి, ఎర్రగా వేయించి, డబ్బాల్లో పెట్టి వంటమేస్త్రీలకు అమ్మడం నా వ్యాపారం. గణపవరం, ఆకివీడు వైపు పెళ్లంటే బిర్యానీ ఉండి తీరాలి. బస్తాల కొద్దీ ఉల్లి తరిగే ఓపిక మేస్త్రీలకు లేదు. ఆకివీడు మేస్త్రీ ఒకాయన మొదటి డబ్బా రుచి చూసి, "బాగుందండీ. జ్యేష్ఠమాసం ముహూర్తాలన్నిటికీ మీ దగ్గరే తీసుకుంటానండీ" అన్నాడు. ఆ ఒక్క మాట మీదే నా షెడ్డు నిలబడింది.

పనికి నలుగురు ఆడవాళ్లు కుదిరారు. ముగ్గురు ముప్పై దాటనివాళ్లు. నాలుగో ఆవిడకు అరవై ఉంటాయి. మార్కెట్లో ఉల్లి ఏరుతూనే బతుకంతా గడిపిన మనిషి. అందరం ఆవిణ్ణి మామ్మగారు అనేవాళ్లం, ఆవిడ నన్ను టీచరుగారు అనేది. పొద్దున్నే సంచులు కుమ్మరించి, ఒక్కో ఉల్లిపాయనూ చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూసేది. మెత్తగా తగిలితే అవతల పారేసేది. ఆవిడ ఏరిన కుప్పలోంచి తీసుకుని మిగతా ముగ్గురూ టకటకా తరిగేవాళ్లు. ఏరడమంతా అయ్యాక గాని ఆవిడ కత్తిపీట ముందు కూర్చునేది కాదు.

బుట్టలు తూచేటప్పుడు మొదటిదాన్ని "లాభం" అని, తరవాత "రెండు, మూడు" అని లెక్కపెట్టేది. పాతకాలం వాళ్లు ధాన్యం కొలిచినట్టే. "ఒకటి అనాలి మామ్మగారూ" అని దిద్దాను. "మొదటిదాన్ని అలా అనకూడదండీ" అంది. లెక్కల టీచర్ని కదా, నవ్వుకున్నాను.

ఈలోగా ఏలూరులో ఒక శిక్షణకు వెళ్లాను. కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లకట. ఏసీ హాలు, మెడలో తాడుకు కట్టిన కార్డు, మధ్యలో సమోసా. వేదిక మీద కోటు తొడుక్కున్న ఒకాయన. జన్మలో పిడత కింద పప్పయినా అమ్మిన మొహంలా లేదు. "కొలవనిది పెరగదు" అని మూడుసార్లు అన్నాడు, మా చేత మూడుసార్లు అనిపించాడు. మా పెరటి గోడలో మొలిచిన రావి మొక్కను ఎవరూ కొలవలేదు, గోడ చీల్చుకుని మరీ పెరిగింది. ఆ మాట అక్కడే లేచి అనాల్సింది. అనకపోగా బుద్ధిగా నోట్సు రాసుకున్నాను.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఎవరో కంపెనీలవాళ్ల కోసం ఆయన వల్లించినదాన్ని నాకు వచ్చిన ఒకే ఒక్క విద్యలోకి దించుకున్నాను. షెడ్డు గోడకు తెల్లబోర్డు తగిలించాను. నలుగురికీ ప్రోగ్రెస్ కార్డులు అచ్చు వేయించాను. అట్ట కార్డులు, మడత పెట్టేవి. ఎన్ని కిలోలు, ఎన్ని గంటలు, ఎన్నో ర్యాంకు. అడుగున "టీచరు అభిప్రాయం" అనే గడి కూడా ఉంది. ప్రెస్సువాడు స్కూలు కార్డు నమూనానే వాడేశాడు. నాకూ అది తీసెయ్యాలని తోచలేదు.

మొదట ఎన్ని కాయలు తరిగారో లెక్క వేశాను. ముగ్గురూ చిన్నకాయలు ఏరుకున్నారు. సరే, కిలోల లెక్క అన్నాను. పెద్దకాయలు ఏరుకున్నారు, చిన్నవి మూలన పడి మొలకలెత్తాయి. నేను కొలత మార్చిన ప్రతిసారీ పూట తిరక్కుండా దానికి విరుగుడు కనిపెట్టేవాళ్లు. వాళ్లను తప్పు పట్టను. పరీక్షకు వచ్చేవే చదవమని పదకొండేళ్లు పిల్లలకు నూరిపోసింది నేనే. బోర్డు మీద గీత మాత్రం పైపైకి పోతోంది. దాన్ని ఫోటో తీసి శిక్షణవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే పాతిక బొటనవేళ్లు లేచాయి. పొంగిపోయాను.

శనివారం సాయంత్రం కార్డులు పంచాను. ర్యాంకులు పైకి చదివాను. సిగ్గులేకుండా చప్పట్లు కూడా కొట్టించాను. నలుగురిలో మామ్మగారిది నాలుగో ర్యాంకు.

"నాలుగంటే ఫెయిలాండీ?" అని అడిగింది.

"ఫెయిలని కాదు మామ్మగారూ, ఇంకా మెరుగవ్వాలి" అన్నాను. ఆ గొంతు నాకు బాగా తెలుసు. వెనక బెంచీ పిల్లల కోసం దాచుకున్న గొంతు అది.

సోమవారం ఆవిడ రాలేదు. ఆవిడ పేరు కొట్టేస్తే బోర్డు మీద సగటు పెరిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ రోజు నేను సంతోషించాను.

తొలకరి వానకు మార్కెట్లో సంచులు తడిశాయి. ఉల్లిపాయ మెడ నొక్కి చూసినవాళ్లు లేరు. దానికి కార్డులో గడి లేదు కదా. పైపొర నిగనిగలాడుతూ, లోపొర కుళ్లినవి కూడా కిలోల లెక్కలో చేరి, తరిగి, నూనెలో పడ్డాయి. జ్యేష్ఠమాసంలో మొదటి పెళ్లినాడు పొద్దున్నే ఆకివీడు మేస్త్రీ ఫోన్ చేశాడు.

"ఏవండీ, ఇదేం వాసనండీ? ఇది వేస్తే పెళ్లివారు నన్ను బతకనివ్వరండీ. డబ్బాలన్నీ ఆటోలో వెనక్కి పంపేస్తున్నాను. పది రోజుల్లో ఇంకో పెళ్లుంది. అప్పటికి మొదట్లో ఇచ్చినట్టు ఇస్తే సరేనండీ. లేదంటే మీకో దణ్ణమండీ."

తిరిగొచ్చిన డబ్బా మూత తీసి చూశాను. నా ఫస్టు ర్యాంకులన్నీ కలిసి కంపు కొడుతున్నాయి. మామ్మగారు తిరిగి వస్తేనే షెడ్డు ఉంటుంది, లేకపోతే తాళమే. ఆ మధ్యాహ్నమే ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ చర్చి వెనక వీధికి వెళ్లాను.

కుర్చీ వేసింది. టీ ఇచ్చింది. ఒక్క మాట దెప్పలేదు. రమ్మని అడిగాను. ఆవిడ లోపలికి వెళ్లి బైబిలు తెచ్చింది. చదవడం రాకపోయినా ఆదివారం ఆదివారం చేతిలో పట్టుకుని చర్చికి వెళ్లే బైబిలు. అందులోంచి నేనిచ్చిన కార్డు తీసింది.

"నేను బడి మొహం చూడలేదండీ. జన్మలో నాకు మార్కుల కార్డిచ్చింది మీరొక్కరేనండీ. పారెయ్యడానికి మనసు రాలేదు. ర్యాంకు ఆరోజే చదివారు గానీ, కింద ఏదో రాశారు, అది చదవలేదండీ. కాస్త చదివి పెట్టండి."

అభిప్రాయం గడిలో నా చేతిరాత. "వేగం చాలదు. పని మీద శ్రద్ధ పెట్టాలి." వెనకబడిన ప్రతి పిల్లాడి కార్డు మీదా చెయ్యి తనంతట తానే రాసుకుపోయే వాక్యం. ఆవిడకు చదువు రాదు, మార్చి చదివినా తెలియదు. మార్చి చదవాలని నోటిదాకా వచ్చింది కూడా. కాని ఉన్నదున్నట్టు చదివాను.

"వేగం నిజమేనండీ, నా చేతులు అంతేనండీ" అంది. ఉల్లిపొట్టు రంగు పట్టేసిన బొటనవేలిని చీర కొంగుతో తుడుచుకుంది. "ఒక్కో కాయా నొక్కి చూశానండీ. మరి శ్రద్ధంటే ఏంటండీ టీచరుగారూ?"

పదకొండేళ్లలో ఏ పిల్లాడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. అడిగేంత చనువు ఎవరికీ ఇవ్వలేదు. నాకు తెలియదని చెప్పాను. ఆ కార్డు ఇచ్చెయ్యండి మామ్మగారూ, చించేస్తాను అని చెయ్యి చాపాను.

"పనికి రేపు వస్తానండీ" అంటూ కార్డును మళ్లీ బైబిల్లో పెట్టేసింది. "ఇది మాత్రం ఇవ్వనండీ."