మాత పక్కన రెండు మీటర్లు

ఎలెయాసార్ కవాసోస్‌ని మా వర్క్‌షాపులో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. ముఖాన మాస్టారు అనేవాళ్ళం, వీపు వెనక హల్లెలూయ. మా ఊరు సాంతా కాతరీనాలో కొండ కింద రోలర్ కన్వేయర్లు చేసే వర్క్‌షాపు మాది. ఆయన చెయిన్ల లెక్క కట్టి డ్రాయింగు గీసేవాడు. నేను, అంటే ఒదీలియాని, ఆ లెక్క ప్రకారం చెయిన్లు తుంచి బిగించేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన గీసిన చెయిను ఒక్కటీ తెగలేదు. ఆ మనిషికి ఉన్న ఆస్తల్లా అదే.

భార్య పోయాక ఆయన ఫాదర్‌ని వదిలి పాస్టర్ దగ్గర చేరాడు. బీరు మానేశాడు. డిసెంబరు పన్నెండున గ్వాదలూపే మాత పూజకి రావడం కూడా మానేశాడు. మా ఊళ్ళో అది తండ్రి పేరు మార్చుకున్నంత పని. పాస్టర్ మనుషులు మాటమాటకీ అదే అంటారని హల్లెలూయ అన్న పేరు పెట్టింది నేనే. అతికినట్టు సరిపోయిందని అందరూ నా వీపు తట్టారు.

ఆ ఏడు టైల్స్ ఫ్యాక్టరీ వాళ్ళ పని వచ్చింది. టైల్స్ పేర్చిన, ఒక్కోటీ టన్నుకి పైబడిన చెక్క బల్లలు బట్టీ దగ్గరనుంచి గోదాముకి పోవాలి. మొత్తం ముప్పై రెండు రోలర్లు. ఒక్కో రోలరూ పక్కదాన్ని పొట్టి చెయినుతో లాగుతుంది, అది దాని పక్కదాన్ని. మోటారు ఒక చివర పెడితే, మోటారు పక్క చెయిను మీద మొత్తం వరుస బరువు పడుతుంది, రైలింజనుకీ మొదటి పెట్టెకీ మధ్య కొక్కెం మీద పడ్డట్టు. మోటారు నడుమ పెడితే అటు పదహారు, ఇటు పదహారు. బరువు సగానికి సగం తగ్గిపోతుంది. ఇందులో పాండిత్యమేమీ లేదు, నాకే అర్థమైంది.

తంటా ఏమిటంటే, సరిగ్గా ఆ నడుమే మాత విగ్రహమున్న గూడు ఉంది. ఒకసారి బట్టీ పేలి ఎవరూ చావనందుకు కూలీలు తమ చేతుల్తో టైల్స్ అతికించి కట్టుకున్న గూడు. కొలతలకి వెళ్ళిన రోజు భోజనాల దగ్గర నేను ఊరుకోక, మాస్టారి వీపు వెనక పేరు ఆ కూలీలకీ చెప్పి నవ్వించాను. గంట తిరక్కుండా ఆయన ఆ గూడు ముందు నిలబడి టేపు చుట్టాడు.

"అమ్మని రెండు మీటర్లు పక్కకి జరపండి. గోరంత పెంకు కూడా రాలదు. మోటారు ఇక్కడే పడాలి."

ఆ మాటని లెక్కగా విన్నవాడు ఒక్కడు లేడు. వెనకనుంచి ఎవరో "హల్లెలూయ" అని సాగదీశారు. ఫ్యాక్టరీ యజమాని రొహేలియో టోపీ సర్దుకుని, మా అమ్మని కదిలించేవాడు ఇంకా పుట్టలేదు, నీ మోటారే జరుపుకో మాస్టారూ, అన్నాడు.

మోటారు చివరికి పోయింది. అక్కడికి లావు చెయిను కావాలి. ఫ్రేములకి రోలర్ల కన్నాలు ముందే పొడిచేశారు కాబట్టి, ఆ దూరానికి లావు చెయిను లింకుల లెక్క బేసి సంఖ్యలో వచ్చింది. లోపలి లింకూ బయటి లింకూ ఒకదాని తర్వాత ఒకటి ఉండే చెయినులో బేసి కుదరదు. కుదరాలంటే నడుం వంచిన సగం లింకొకటి ఇరికించాలి. చెయిన్లో బలహీనమైన చోటు అదే. మాస్టారు డ్రాయింగు మీద "సగం లింకు వద్దు, కన్నాలు మళ్ళీ పొడవండి" అని పెన్సిలుతో రాశాడు. మా యజమాని ఒవీదియో రబ్బరు తీసి, ఆయన కళ్ళముందే చెరిపేశాడు.

"నీ పట్టింపు చెయిను మీదా, మాత మీదా? సంతకం పెడతావా, నీ పాస్టర్ దగ్గర పని చూసుకుంటావా?"

ఆయన సంతకం పెట్టాడు. ఆ సగం లింకుని సుత్తితో కొట్టి బిగించింది నేను. అది తెగుతుందని నాకూ తెలుసు. నోరు విప్పలేదు. తెగితే పోయే వేళ్ళు నావి కావు కదా.

డిసెంబరు పన్నెండున ఫ్యాక్టరీలోనే పూజ. ఫాదర్ కొత్త వరుస మీద నీళ్ళు చల్లాడు. మాస్టారు పూజ అయ్యేదాకా బయట ఎండలో నిలబడి, తర్వాత లోపలికి వచ్చాడు. తన చెయిను ఎలా నడుస్తుందో చూడకుండా ఉండలేడు. అతిథులకి చూపించాలని రొహేలియో ఒకేసారి అన్ని బల్లలూ నిండా ఎక్కించి మోటారు వేయించాడు. వాయిద్యాల హోరులో మొదటి చెయిను టిక్కు టిక్కుమనడం మాస్టారికి వినిపించింది. చెయిను మీది రేకు మూత ఎత్తి చూసి, ఆపమని చెయ్యి ఊపాడు. స్విచ్చి దగ్గరివాడు రొహేలియో వైపు చూశాడు. పాట పూర్తికానీ, అని రొహేలియో సైగ చేశాడు.

చెయిను నేను బిగించిన చోటే తెగింది. తెగిన కొస కొరడాలా వచ్చి, మూత పట్టుకున్న కుడిచేతి వేళ్ళు మూడు పట్టుకుపోయింది. పెన్సిలు పట్టే వేళ్ళు. రక్తం కడగకముందే ఒక ఆడమనిషి సిలువ గుర్తు వేసుకుని, అమ్మ తన మహిమ చూపించింది, అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. నా తలా ఊగింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తెగింది ఆయన సంతకమున్న చెయినేనని ఒవీదియో ఊరంతా చెప్పుకున్నాడు. జాలిపడ్డట్టు నటించి, మా వర్క్‌షాపు గేటు దగ్గర కాపలాకి కుర్చీ వేయించాడు. గేటు తియ్యడానికి ఎడమచెయ్యి చాలుగా, అన్నాడు.

ఈస్టరు వెళ్ళాక రొహేలియో భార్య ఫ్యాక్టరీలోనే కొత్త షోరూము తెరిచింది. గుమ్మంలోంచి ఫొటో తీస్తే మాత కనపడటం లేదని ఆవిడకి దిగులు పట్టుకుంది. ఇద్దరు మనుషులు, ఒక చెక్క, ఒక పూట. గూడు రెండు మీటర్లు పక్కకి జరిగింది. ఎవరూ కిక్కురుమనలేదు. ఖాళీ అయిన చోట మోటారు పెట్టి, కన్నాలు కొత్తగా పొడిచి, కొత్త డ్రాయింగు మీద ఒవీదియో సంతకం చేశాడు. లెక్క మాత్రం అక్షరం పొల్లుపోకుండా మాస్టారిదే.

బిగింపు అయ్యాక గేటు దగ్గరికి వెళ్ళి, గూడు జరిపిన సంగతీ మోటారు నడుమ పెట్టిన సంగతీ ఆయనకి చెప్పాను. తెగుతుందని తెలిసీ సగం లింకు బిగించిన సంగతీ, ఆ పేరు పెట్టిన సంగతీ కూడా చెప్పాలనే వెళ్ళాను. మోటారు సంగతితోనే ఆపేశాను. ఆయన మొక్కజొన్న రొట్టె ఎడంచేత్తో తింటూ విన్నాడు.

"జరిపేటప్పుడు అమ్మకేమైనా అయిందా ఒదీలియా?"

"లేదు మాస్టారూ. గోరంత పెంకు కూడా రాలలేదు."

"నేనూ అదే చెప్పాను," అని లారీ హారన్ వినిపిస్తే లేచి గేటు తీశాడు.