ఏడు రోజుల నకలు

నేను పనిచేసిన దినపత్రిక కరీంనగర్ ఆఫీసుకు కంప్యూటర్లు తొంభైల మొదట్లో వచ్చాయి. మొత్తం మూడు. వాటికోసం ఒక గదికి ఏసీ బిగించారు. గుమ్మం బయటే చెప్పులు విడవాలన్నారు. పెదవుల మీద బీడీ ఉంచుకునే వార్తలు దిద్దిన మా పాత సబ్ ఎడిటర్లు కూడా ఆ గదిలోకి వెళ్లేటప్పుడు దగ్గు ఆపుకునేవారు.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పేజీలు అక్కడే తయారయ్యేవి. ఊళ్లలోని విలేకరులు చేత్తో రాసిన వార్తలను కవర్లలో పెట్టి బస్సు డ్రైవర్లకిచ్చి పంపేవారు. మేం దిద్ది ఇస్తే ఆపరేటర్ కంపోజ్ చేసేది. కంపోజ్ అయిన కాగితాన్ని అడ్డంగా చింపి, బల్ల కింద గోనెసంచిలో వేయడం మా పద్ధతి. చింపకపోతే అదే వార్తను ఇంకొకరు మళ్లీ కంపోజ్ చేస్తారు. ఒకసారి అట్లాగే ఒకే మనిషి చావువార్త రెండు పేజీల్లో వచ్చింది. ఆయన కొడుకు ఆఫీసుకొచ్చి, “మా బాపు రెండుసార్ల సచ్చిండా సారు?” అని అడిగిపోయాడు. అప్పటినుంచి చింపే పని మరింత నిష్ఠగా సాగింది. సంచి నిండగానే పాత కాగితాలు కొనే రద్దీవాడు పట్టుకుపోయేవాడు.

కంప్యూటర్లు వచ్చి వారం తిరగకముందే హైదరాబాద్ నుంచి ఇంజనీరు వచ్చి నన్ను తెర ముందు కూర్చోబెట్టాడు. డెస్క్ బాధ్యత నాది కాబట్టి చెప్పవలసింది నేనే.

“మెషిన్ ఎప్పుడన్న పాడైతే పేజీలు పోకుండ బ్యాకప్ పెడుతున్న సార్. ఏ టైముకు నకలు తీయాలి, ఎన్ని రోజులవి తీయాలి, చెప్పండి.”

టైము చెప్పాను. పేజీలు ప్రెస్సుకు పోయాక.

“ఎన్ని రోజులవి?”

నేను నవ్వాను. “నిన్నటి పేపర్ల మిర్చీలు కట్టిస్తరు. ఏడు రోజులు పెట్టు, శానా.”

అతను నవ్వలేదు. “ఏడు రోజులు ముట్టుకోని ఫైలును నకలు తీసేటప్పుడు వదిలేస్తది సార్. పాత ఫ్లాపీల మీదనే కొత్తవి ఎక్కుతయి. పరవాలేదా?”

పరవాలేదన్నాను. అతను అంకె కొట్టి పెట్టె మూశాడు. వారంలోని ఒక్కో రోజు పేరు రాసిన ఏడు ఫ్లాపీ డబ్బాలు బీరువాలో చేరాయి. ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

ఆ మరుసటి ఏడు మందమర్రి విలేకరి ఒక చేతిసంచితో వచ్చాడు. మేమంతా ఆయన్ని కాకా అనేవాళ్లం. బొగ్గుగనిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. గనిలో ఉండగానే మా పేపర్‌కు వార్తలు రాసేవాడు. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆయన పాతకాపు. వాక్యం పొల్లుపోకుండా రాసేవాడు. చలికాలంలో ఆయన భార్య చనిపోయిందని తెలుసు. నేను వెళ్లలేకపోయాను, కార్డు రాశాను.

సంచిలోంచి రెండు కట్టలు తీశాడు. మేం విలేకరులకిచ్చే న్యూస్‌ప్రింట్ ప్యాడ్ల కాగితాలే. రెండువైపులా నిండా రాత.

“ఇవి వార్తలు గావు సారు. మా ఇంటామె చెప్పింది. మంచంల వడ్డంక ఆర్నెల్లు చెప్పింది. చెప్పింది చెప్పినట్టే రాసిన, ఒక్క మాట దిద్దలే.”

ఆమెకు చదువు రాదు. వాళ్లకు పిల్లల్లేరు. ఆమెది ఒకే ఒక్క ఫొటో ఉందట. పెళ్లినాటిది, అందులో తల వంచుకుని ఉంటుందట, ముఖం కనబడదు. అరవై తొమ్మిదిలో మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి కొత్తకోడలిగా గని కాలనీకి వచ్చిన రోజు మొదలుకొని తన బతుకంతా చెప్పిందట. ఏడాది మాసికానికి చిన్న పుస్తకం వేయించి చుట్టాలకు పంచాలని ఆయన ఆశ.

ఆపరేటర్‌కు ఇరవై అయిదేళ్లుంటాయి. పేజీల పని సాయంత్రం మొదలవుతుంది కాబట్టి మధ్యాహ్నాలు కంపోజ్ చేస్తానంది. వారానికి రెండు రోజులు కాకా బస్సెక్కి వచ్చి ఆమె పక్కన కుర్చీ వేసుకునేవాడు. కొద్దిరోజుల్లో మేం కూడా అన్నం తిని ఆ గదిలోకే చేరడం మొదలుపెట్టాం. ఆమె కంపోజ్ చేస్తూ పైకి చదివేది. ఆ కాపురం మొదటివారం గురించి చదివింది నాకు ఇప్పటికీ జ్ఞాపకం. గనిని అక్కడివాళ్లు బాయి అంటారు.

“తలుపు కొట్టిండ్రు. తీస్తె ఒక నల్లటి మనిషి. కండ్లు, పండ్లు తప్ప ఏం కనవడ్తలేవు. మా ఆయన ఇంట్ల లేడు, బాయికి పొయ్యిండు, తర్వాత రాపో అని తలుపేసిన. గా మనిషి బయట నిలవడి ఒక్కతీరుగ నవ్వుతుండు. నవ్వు ఇన్నంక ఎవ్వరో తెలిసింది. తెలిసినంక గూడ జరసేపు తలుపు తియ్యలే.”

గదంతా నవ్వాం. కాకా సిగ్గుపడ్డాడు. “నవ్వుండ్రి నవ్వుండ్రి. గా దినం నేను మెట్ల మీద కూసోని తానం చేసిన, అందరు సూస్తుండంగ” అన్నాడు.

ఒక కాగితం అయిపోగానే కాకా దాన్ని అందుకుని అడ్డంగా చింపేవాడు. మొదటిరోజే ఆపరేటర్ ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఇవి చింపుడెందుకు కాకా? ఇంటికి తీస్కపో.”

“గదెట్లనే బిడ్డా? ఆఫీసు పద్ధతి పద్ధతే. రేపు నువ్వు మర్చిపోయి రెండుసార్ల కొడితివనుకో, మా ఆమె రెండుసార్ల తలుపేస్తది.” నవ్వుతూనే నా వైపు తిరిగాడు. “ఏం సారు, గా డబ్బాల భద్రంగ ఉంటది గద?”

“నీకు ఫికరే లేదు కాకా. రోజూ నకలు తీస్తది అది” అన్నాను.

ఆయన తృప్తిగా తలూపి, చింపిన ముక్కలను గోనెసంచిలో వేశాడు. ఇరవై అయిదేళ్లు వార్తలు రాసిన మనిషికి ఆ సంచి అంటే పని పూర్తయిందన్న గుర్తు. మేమెవరం అడ్డు చెప్పలేదు. అంతా అయ్యాక ఒకేసారి ప్రింట్ తీద్దామన్నదీ నేనే. టోనర్ హైదరాబాద్ నుంచి రావాలి, పేజీలకే చాలేది కాదు.

మార్చి చివరికి కంపోజింగ్ అయిపోయింది. ఆఖరి కాగితం చింపి, కాకా ఆపరేటర్‌కు జామకాయల సంచి ఇచ్చి వెళ్లాడు. ప్రూఫు చూడడానికి వారంలో వస్తానన్నాడు. రాలేదు. ఛాతీలో నెమ్ము చేరి ఆసుపత్రిలో పడ్డాడని కబురొచ్చింది. కోలుకుని వచ్చి ఆయనే దిద్దుకుంటాడని ఆ ఫైలును ఎవరం తెరవలేదు.

మే నెలలో కరెంటు పోతూ వస్తూ ఉండేది. ఒక మధ్యాహ్నం ఆపరేటర్ మెషిన్ టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. ఇంజనీరు వచ్చి హార్డ్ డిస్క్ కాలిపోయిందన్నాడు, కొత్తది వేశాడు. బీరువాలోంచి డబ్బాలు తీసి ఒక్కో ఫ్లాపీ ఎక్కిస్తుంటే మా పేజీలు ఒకటొకటిగా తెర మీదికి వచ్చాయి. వడదెబ్బ వార్త, మార్కెట్ యార్డులో మక్కల రాశులు, బస్టాండులో తాగునీళ్లు లేవన్న వార్త. ఒక్క అక్షరం పోలేదు. మా వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆపరేటర్ మాత్రం ఇంజనీరు పక్కనే నిలబడి, “ఇంకో ఫోల్డర్ ఉండాలె సార్, చూడుండ్రి” అంటోంది. అతను ఏడు డబ్బాలూ మళ్లీ చూశాడు. చివరికి నా వైపు తిరిగాడు.

“ఆ ఫైలు ముట్టుకుని నెలన్నర అయిందట సార్. మీరు ఏడు రోజులు పెట్టమన్నరు.”

అతను తప్పుపడుతున్నట్టు అనలేదు. ఉన్నమాట చెప్పాడు. “ఇప్పుడు ఎంత పెట్టమంటరు?” అని అడిగాడు. ఆపరేటర్ కుర్చీలో కూర్చుని కీబోర్డు మీద గుడ్డ కప్పింది. ఆ సాయంత్రం పేజీలు పక్క మెషిన్ మీద చేశారు.

రద్దీవాడి దగ్గరికి పరుగెత్తాను. మార్చి సరుకంతా ఏప్రిల్‌లోనే కాగితం మిల్లుకు పోయిందన్నాడు. కాలిపోయిన డిస్కును హైదరాబాద్ పంపితే అట్లాగే తిరిగివచ్చింది.

జూన్‌లో కాకా వచ్చాడు. సగం మనిషయ్యాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ, “ఏది సారు ప్రూఫు?” అన్నాడు. నేను చెప్పాను. దాచకుండా, ఏడు రోజుల సంగతి సహా అంతా చెప్పాను. ఆయన వింటూ బల్ల మీద పిన్నుల డబ్బా మూత తీసి పెడుతూ ఉన్నాడు.

“చింపింది నేనే గద” అన్నాడు చివరికి.

“కాదు కాకా, నేను భద్రమన్నందుకే...”

“నువ్వన్నవు, నేను చింపిన. ఊకో.”

నాకు తోచిన ఉపాయం ఒకటే. కాకా మళ్లీ చెబితే నేను రాసుకుంటాను. ఆదివారాలు మందమర్రి బస్సెక్కి ఆయన క్వార్టర్‌కు వెళ్లాను. మొదటి ఆదివారం బాగానే సాగింది. రెండో ఆదివారం ఆ తలుపు సంగతి దగ్గరికి వచ్చాం. నల్లటి మనిషి, నవ్వు, అంతా చెప్పి ఆగిపోయాడు.

“తెలిసినంక గూడ జరసేపు తలుపు తియ్యలే అన్నది. ఎందుకు తియ్యలేదో చెప్పింది సారు. ఒక పేజీ రాసిన. గా జరసేపట్ల ఏం అనుకున్నదో అంత చెప్పింది. యాదికి వస్తలేదు.”

నేను కలం పట్టుకుని ఎదురుచూశాను. ఆ పేజీ ఆపరేటర్ కూడా చదివింది, నేనూ విన్నాను. నవ్విన హడావిడిలో మా ఇద్దరికీ ఆ తర్వాతిది నిలవలేదు.

“నేను తలుపు బయట ఉంటిని. బయటి సంగతే చెప్పగల్గుత. లోపటిది ఆమెదాయె.” నా చేతిలో కాగితాలు అడిగి తీసుకున్నాడు. రెండు పేజీలు చదివాడు. “ఇది నేను మాట్లాడుతున్న. ఆమె గిట్ల మాట్లాడది. బంద్ జేద్దాం సారు.”

ఆ తర్వాత నేను వెళ్లినా ఆయన గని సంగతులు, యూనియన్ సంగతులు మాట్లాడేవాడు. ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు.

చలికాలంలో ఏడాది మాసికానికి రమ్మని ఉత్తరం రాశాడు. ఆపరేటర్‌ను కూడా రమ్మన్నాడు. ఆమె రాలేనంది. నేను వెళ్లాను. క్వార్టర్ ముందు చిన్న టెంటు వేసి విస్తళ్లు పరిచారు. మెట్‌పల్లి దిక్కు నుంచి చుట్టాలు ఒక వ్యాన్‌లో వచ్చారు. నన్ను వాళ్లకు పేపరు సారని పరిచయం చేసి, తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

భోజనాలు సగంలో ఉండగా వడ్డిస్తున్న ఆమె ఆగి నిలబడింది. చనిపోయినామె చెల్లెలు.

“బావా, అక్క చెప్పిందంత పుస్తకం ఏస్తున్న అంటివి. ఇయ్యాల్ల ఇస్త అంటివి. ఏది?”

చెప్పాల్సింది నేనే అనుకున్నాను. నేను నోరు తెరిచేలోగా కాకా అందుకున్నాడు.

“అచ్చుల ఉన్నదే. జర లేటైతున్నది. సారోళ్లకు పేపరు పని తీరతలేదు, వాళ్లనేమంటం?”

“జల్ది తెప్పియ్యి బావా. నాకు సదువు రాదాయె, నా బిడ్డతోని సదివిచ్చుకుంట. అక్క కూసోని మాట్లాడినట్టు ఉంటది.”

“సరే” అన్నాడు కాకా. ఆమె చేతిలోని గిన్నె తీసుకుని, నా విస్తరిలో ఇంకొంత పప్పు వేశాడు. నా ముఖంలోకి చూడలేదు.

నేను తిన్నాను.