రోజూ ఒకే వేళకి

మా కేంద్రంలో ఆమెను వెనకాల అందరూ గడియారం అంటారు, ఎదురుపడితే మేడమ్ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. సాయంత్రం ఆమె సంచి భుజాన తగిలించుకుని గేటు దాటిందంటే ఐదయిందని లెక్క. వాన పడినా, పైనుంచి పెద్దలు వచ్చినా, మీటింగు మధ్యలో ఉన్నా ఆ బస్సు మాత్రం తప్పనివ్వదు. ఇంటి దగ్గర మతి తప్పిన తల్లి ఉంది, ఆ తల్లిని కనిపెట్టుకుని ఉండే చెల్లెలు ఉంది. వేళకి ఇల్లు చేరతానని చెల్లెలికి మాటిచ్చిందట. సరదాగా పెట్టిన పేరే గానీ, అందులో నాకు కొంచెం అసూయ కూడా ఉంది. మా ఇంట్లో నా కోసం అలా ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు.

మాది పెద్ద డిష్. మేడ మీద పెట్టుకునే టీవీ డిష్ కాదు, నాలుగైదు మేడలు దాని గిన్నెలో కూర్చోబెట్టొచ్చు. అంతరిక్ష నౌకలతో మాట్లాడటం దాని అసలు పని. ఆ పని లేని కాసిన్ని గంటల్లో, భూమికి దగ్గరగా వచ్చే గ్రహశకలాల మీదికి రేడియో తరంగాలు పంపి, అవి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనితో ఆ రాయి బొమ్మ గీస్తాం. తరంగాలు పంపే యంత్రం నాది. నన్ను కరెంటాయన అంటారు. ఎప్పుడు పంపాలి, ఎటు తిప్పి పంపాలి, ఎంతసేపు పంపి ఎప్పుడు ఆపి చెవి ఒగ్గాలి అన్న ప్రణాళిక మేడమ్‌ది. వినడానికి తేలికే. నౌకల వాళ్ళ దగ్గర మిగులు గంటల కోసం కాళ్ళావేళ్ళా పడాలి. తరంగాలు తగిలితే ప్రమాదం కాబట్టి, ఆ పూట ఆ దిక్కున విమానాలు ఎగరకుండా విమానాల ఆఫీసును ఒప్పించాలి. ఒకళ్ళు సరేనంటే ఇంకొకళ్ళు కాదంటారు, మళ్ళీ మొదటికి. ఆ పని నాకు అప్పగిస్తే మొదటి వారంలోనే ఎవరినో ఒకరిని కొట్టి ఉండేవాణ్ణి.

ఆ ఏడు వచ్చింది జంట రాయి. ఒక పెద్దది, దాని చుట్టూ తిరిగే పిల్ల ఒకటి. పెద్దదాని వెలుగు అప్పుడప్పుడూ తగ్గుతుండటం చూసి, దూరదర్శినుల వాళ్ళు ఆ పిల్ల ఉందని కనిపెట్టారు. రోజుకొకసారి చుట్టి వస్తుందేమోనని అన్నారు, గట్టిగా చెప్పలేమని కూడా అన్నారు. పిల్ల ఎంత దూరంలో, ఎంతసేపట్లో తిరుగుతోందో తేలితే పెద్దదాని బరువు తెలుస్తుంది. బరువు తెలిస్తే అది గట్టి బండో, రాళ్ళ కుప్పో తెలుస్తుంది. ఇలాంటిది ఏనాడైనా మన మీదికి వస్తే ఏం చేయాలన్న ఆలోచన అక్కడ మొదలవుతుంది. ఇంత దగ్గరగా ఇది మళ్ళీ వచ్చేసరికి మాలో ఎవరూ ఉండరు.

మేడమ్ ఎప్పటిలాగే మధ్యాహ్నానికి ముందు పూట అడిగి తెచ్చుకుంది. ఆ వేళ పెట్టుకుంటే ఐదు గంటల బస్సుకి ఢోకా ఉండదు మరి.

వరసగా నాలుగైదు రోజులు పంపాం, విన్నాం. పెద్దది మొదటి రోజే తెర మీద వంకర బంగాళాదుంపలా తేలింది. పిల్ల మాత్రం పరమ మసక. పూట మొత్తం ప్రతిధ్వనులు కలిపితేగానీ చుక్క తేలదు. తేలిన చుక్క ప్రతి రోజూ పెద్దదానికి కుడి పక్కనే ఉంది. పిల్ల దొరికిందని గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. మా డైరెక్టరయితే ఫోటో కూడా తీయించుకున్నాడు. మేడమ్ ఒక్కతే మొహం మాడ్చుకుని కూర్చుంది.

"ఏంటి మేడమ్, చుట్టాలెవరైనా పోయారా?" అన్నాను.

"రోజూ ఒకేచోట కనిపిస్తోంది అన్నయ్యా" అంది.

"మంచిదేగా. బుద్ధిగా ఉంది."

"అది బుద్ధిగా ఉండటం కాదు. మనం రోజూ ఒకే వేళకి చూస్తున్నాం. రోజుకొకసారి తిరిగినా ఆ వేళకి అక్కడే ఉంటుంది, రెండుసార్లు తిరిగినా అక్కడే ఉంటుంది. మధ్యలో ఎక్కడుంటోందో మనకేం తెలుసు? నా బస్సు కోసం నేను పెట్టుకున్న వేళ ఇది. తప్పు నాదే."

డైరెక్టరు చాల్లెమ్మన్నాడు. ఉన్నదాంతో వ్యాసం రాసుకోవచ్చన్నాడు. రాయి దూరం జరిగేకొద్దీ ప్రతిధ్వని సన్నబడుతోంది, ఇక మిగిలింది రెండు మూడు రోజులే, ఇప్పుడు వేళలు మార్చడమంటే అందరి చుట్టూ మళ్ళీ తిరగాలి. ఆమె తిరిగింది. తల ప్రాణం తోకకొచ్చాక ఒక సాయంత్రం పూట, ఆ మర్నాడు తెల్లవారుజాము పూట సంపాదించింది. అంత పంతం ఆమెలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

అన్నీ అయ్యాక చెల్లెలికి ఫోన్ చేసింది. నేను పక్కనే టీ తాగుతున్నాను. ఇవతలి మాటలే వినిపించాయి. "రేపు రాత్రవుతుందే... అవును, తినేసే వస్తాను... ఎన్నింటికంటే ఎలా చెప్పను? తొమ్మిది అనుకో... ముందే ఎందుకు రాకూడదు, వస్తే వస్తాను... సరే, సరేలే, తొమ్మిదే." ఫోన్ పెట్టేసి నవ్వింది. "నేను పిచ్చిదాన్ననుకుంటే ఇది నన్ను మించింది. నిమిషంతో సహా చెప్పాలట" అంది.

చెల్లెలి గురించి ఎప్పుడు చెప్పినా ఆమె గొంతు మెత్తబడేది. కుట్టుపని దుకాణంలో మంచి ఉద్యోగం మానుకుని తల్లి దగ్గర కూర్చుందని, సాయంత్రం తాను వెళ్ళేసరికి అమ్మకి స్నానం చేయించి, తల దువ్వి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి ఉంచుతుందని చెప్పేది. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాయే తొడుగుతుందట, ముసలావిడకి చలి అని. "అంత ఓపిక నాకు లేదన్నయ్యా" అనేది. అలాంటి చెల్లెలు ఉండాలంటే రాసి పెట్టి ఉండాలని నేనూ అన్నాను.

సాయంత్రం పూట పని ఉన్న రోజు మధ్యాహ్నం నా యంత్రం మొండికేసింది. దాన్ని చల్లబరిచే నీళ్ళ పంపు దగ్గర రబ్బరు వాషరు అరిగిపోయి కారుతోంది. కొత్తది ఊళ్ళోనే దొరుకుతుంది. నేను కారు తీస్తుంటే మేడమ్ వచ్చింది. ఆమె పొద్దుటి పని అయిపోయింది, సాయంత్రం దాకా ఖాళీ. "మా ఇల్లు మీ దారిలోనే. దింపండి. ఓసారి అమ్మని చూసి, స్నానం చేసి, తిరిగి మీతోనే వచ్చేస్తాను" అంది. ఫోన్ చేద్దామనుకుని, మళ్ళీ వద్దనుకుంది. ఉన్నట్టుండి వెళితే చెల్లెలు సంతోషిస్తుందని దారిలో మిఠాయి కొంది.

నేను వాషరు కొనుక్కుని వచ్చేసరికి ఆమె కిందికి రాలేదు. సంచి కార్లోనే మర్చిపోయింది, అందులో సాయంత్రం ప్రణాళిక ఉంది. అది పట్టుకుని నాలుగో అంతస్తుకి ఎక్కాను. తలుపు తీసే ఉంది.

ముసలావిడ కుర్చీలో ఉంది. కిటికీ దగ్గర కాదు, గోడవైపు తిప్పిన కుర్చీ. దుప్పటి చింపిన పట్టీలతో రెండు మణికట్లూ కుర్చీ చేతులకి కట్టి ఉన్నాయి, నడుం చుట్టూ ఇంకో పట్టీ. జుట్టు రేగి ఉంది, బట్టలు తడిసి ఉన్నాయి. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. మణికట్ల దగ్గర చర్మం కమిలి, పాతవాటి మీద కొత్తవి, నల్లగా చారలు దిగి ఉన్నాయి. చెల్లెలు కంచం ముందు నేల మీద కూర్చుని ఉంది. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిన చెయ్యి అలాగే ఉంది. మేడమ్ గుమ్మం లోపల, చేతిలో మిఠాయి పొట్లంతో నిలబడి ఉంది. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను గానీ ఆమె సంచి నా చేతిలోనే ఉంది.

"ఈ టైంలో వస్తావనుకోలేదక్కా" అంది చెల్లెలు.

మేడమ్ పొట్లం కింద పెట్టి ముడులు విప్పడం మొదలుపెట్టింది. ముడి రావడం లేదు.

"ఎన్నాళ్ళనుంచే?"

"నన్నడుగుతావేంటి? నీకు చెప్పలేదా? పొయ్యి వెలిగించి వదిలేస్తోందని చెప్పాను. మెట్లన్నీ దిగి రోడ్డు మీదికి పోతే లారీ అతను పట్టుకొచ్చాడని చెప్పాను. ఏమన్నావు? నేను చూసినప్పుడల్లా బాగానే ఉంటుందిగా అన్నావు." చెల్లెలి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఉంటుంది. నువ్వొచ్చే ముందు విప్పి, కడిగి, కూర్చోబెడతాను కాబట్టి బాగానే ఉంటుంది. నాకూ తినాలనిపిస్తుందక్కా. రోజుకొక్కసారి కూర్చుని తినాలనిపిస్తుంది."

ముసలావిడ నా వైపు చూసి మర్యాదగా నవ్వింది. "కూర్చోండి బాబూ, ఏం తీసుకుంటారు?" అంది.

మేడమ్ నాతో పాటు మెట్ల దాకా వచ్చింది. ఏడవలేదు. "అన్ని రోజులూ ఒకే వేళకి చూశానన్నయ్యా" అంది. సంచి అందించాను. సంచిలోంచి ప్రణాళిక తీసి నా చేతిలో పెట్టింది. "సాయంత్రంది, తెల్లవారుజాముది, రెండూ ఉన్నాయి. మీరు నడిపించండి. చెల్లెల్ని నిద్రపోనివ్వాలి, కొన్నాళ్ళు నేనే అమ్మని చూసుకుంటాను. కట్టాల్సిన అవసరమేంటో నేనూ చూస్తాను" అంది. ఆ చివరి మాట పళ్ళు బిగించి అంది.

రెండు పూటలూ నడిపించాం. ఆమె రాసిందాంట్లో నేను ఒక్క అక్షరం మార్చలేదు. సాయంత్రం చుక్క ఎడమవైపుకి పోయి ఉంది. తెల్లవారుజామునా ఎడమవైపే. రోజుకొకసారే తిరిగేదయితే ఆ అరరోజులో అవతలి పక్కకి మారి ఉండేది. అంటే అది రోజుకి రెండుసార్లు తిరుగుతోంది. అంత వేగంగా తిరిగే పిల్లని పట్టి ఉంచాలంటే పెద్దది మేమనుకున్నదానికంటే నాలుగింతలు బరువుండాలి. డైరెక్టరు ఎగిరి గంతేశాడు. మళ్ళీ ఫోటో తీయించుకున్నాడు, ఈసారి టై కట్టుకుని. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆమె లేని గదిలో చప్పట్లేమిటని అరిచి బయటికొచ్చేశాను.

ఆమె ఫోన్ ఎత్తలేదు. చెల్లెలు ఎవరో స్నేహితురాలి ఇంటికి వెళ్ళిందని, ఇంకా రాలేదని మాత్రం ఎవరి ద్వారానో తెలిసింది. వారం దాటాక ఆ బొమ్మలు పెద్ద కాగితం మీద అచ్చు వేయించాను. కుడివైపు చుక్క ఒకటి, ఎడమవైపు చుక్క ఒకటి. చూస్తే కాస్త తేరుకుంటుందనుకున్నాను. ఒక మధ్యాహ్నం అది చుట్టి పట్టుకుని వెళ్ళాను.

గంట కొట్టాక చాలాసేపటికి గానీ తలుపు తెరుచుకోలేదు. తెరిచింది కూడా చెయ్యి దూరేటంత. ఆ వారంలో మేడమ్ పదేళ్ళు పెద్దదయింది. చెంప మీద గోళ్ళ గీరలు. చొక్కాకి ఒకవైపు మసి, ఇంట్లోంచి కాలిన వాసన. కాగితం విప్పి చూపించాను. ఒక్క క్షణం ఆమె కళ్ళు ఆ ఎడమవైపు చుక్క మీద నిలిచాయి.

"రెండుసార్లా?" అంది.

"రెండుసార్లే మేడమ్. మీరు చెప్పినట్టే."

లోపలినుంచి ముసలావిడ గొంతు వినిపించింది. "ఎవరమ్మా వచ్చింది? కూర్చోమను." ఆ సందులోంచి నాకు కుర్చీ ఒక చెయ్యి కనిపించింది. దాని మీద ముసలి చెయ్యి, మణికట్టు చుట్టూ పట్టీ. ఈసారి పట్టీ కింద దూది పెట్టి, ఒరుసుకోకుండా పొందిగ్గా కట్టారు. పక్కన స్టూలు మీద సగం తిన్న కంచం ఉంది.

నేను చూశానని ఆమె చూసింది. తలుపు ఇంకొంచెం దగ్గరికి లాగింది.

"ఈ వేళప్పుడు వస్తారనుకోలేదన్నయ్యా" అంది.

కాగితం ఆమె చేతికిచ్చి మెట్లు దిగి వచ్చేశాను. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ వాళ్ళింటికి వెళుతూనే ఉన్నాను. ముసలావిడ కిటికీ దగ్గర తల దువ్వుకుని, పొడుగు చేతుల చొక్కాలో కూర్చుని, ఏం తీసుకుంటారని అడుగుతుంది. వెళ్ళే ముందు నేను ఫోన్ చేసి, ఎన్నింటికి వస్తున్నానో చెప్పి మరీ వెళుతున్నాను.