గంగమ్మ వాటా

మా చిన్నప్పుడు... జీతాల రోజు సాయంత్రం ఇనుము కార్ఖానా పక్కనున్న జుగ్సలాయిలో మా గల్లీ అంతా అప్పన్న తాత అరుగు ముందు చేరేది. ఇంటికి రెండు రూపాయల చొప్పున తాత రేకు డబ్బాలో వేసేవాళ్లు. దాన్నే గంగమ్మ వాటా అనేవాళ్లం.

మా పెద్దలు శ్రీకాకుళం ఒడ్డున చేపలు పట్టినవాళ్లు. వేట కలిసొచ్చిన రోజు ఒక వాటా పక్కన పెట్టి, సముద్రంలోకెళ్లి తిరిగిరాని మనిషి ఇంటికి ఇచ్చేవారట. వలలు వదిలి ఇనుము పనికి వచ్చినా ఆ అలవాటు వదల్లేదు...

నాకు తొమ్మిదేళ్లప్పుడు కాంట్రాక్టు పనిలో నాన్న కాలి మీద ఇనుప రేకు పడింది. మూడు నెలలు మంచం మీదే. అమ్మ నన్ను వెంటబెట్టుకుని తాత దగ్గరికి వెళ్లి వాటా అడిగింది.

"కుదరదే కోడలా. నీటిలో పోయినోడి ఇంటికే వాటా. నీ మొగుడు బతికే ఉన్నాడు కదా? కానూన్ కానూనే," అన్నాడు తాత.

"ఈ ఊర్లో సముద్రం ఏదీ మావా?" అంది అమ్మ.

తాత నవ్వాడు. అంతకుముందు ఏడాదే తన అల్లుడికి జ్వరమొస్తే ఇదే డబ్బాలోంచి తీసిచ్చిన పెద్దమనిషి! ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మమ్మ ఇచ్చిన పగడాల దండ సేటుకు అమ్మి అమ్మ మందులు కొంది. అయినా ఒక్క నెల కూడా వాటా వేయడం మానలేదు. ఎందుకని అడిగితే, "మానేత్తే రేపు మనల్ని నోరెత్తనివ్వరే," అంది.

రెండేళ్లకు ఊరి పక్క ఖర్కాయి నది పొంగింది. పల్లంలో ఉన్న తాత ఇల్లు కప్పు దాకా మునిగింది. నీళ్లు తీయగానే తాత అందర్నీ పిలిచి, ఈసారి వాటా తనదేనన్నాడు. అమ్మ లేచింది.

"నువ్వు బతికే ఉన్నావు కదా మావా? నీటిలో పోయినాక కబురెట్టు... మేమే పట్టుకొత్తాం."

గల్లీ అంతా అమ్మ వైపే నిలబడింది. తాత తల దించుకున్నాడు. ఆ రోజే డబ్బా మా ఇంటికి వచ్చేసింది. వారం పాటు తాత మనవలకు అమ్మే అన్నం పెట్టింది, వాటా మాత్రం పైసా ఇవ్వలేదు. పాపం అనిపించలేదా అంటారేమో... లేదు. నా కడుపు చల్లబడింది.

ఇప్పుడు అందరికీ బీమా కార్డులున్నాయి. మొన్న మా ఆయన ఆపరేషన్‌కి "కుదరదు" అని ఫోన్లో మెసేజ్ వచ్చింది. కింద మనిషి పేరే లేదు... ఎవరి అరుగు ముందుకెళ్లి నిలదీయను?

కసి దాచుకుని, అదను చూసి తీర్చుకున్న అమ్మలు మీ ఇళ్లలోనూ ఉంటే చెప్పండి. చదివైనా కడుపు చల్లబరుచుకుంటాను...