లోమాయర్ కంటికి ఒరిగిన తలుపు

ఆఫెన్‌బాఖ్ పట్టణంలో అచ్చు అక్షరాలు గీసి బతికే గెర్లిండ లోమాయర్ దేన్నీ నిటారుగా చూసి నమ్మదు. రొట్టెల సంచీ అయినా, మందుల డబ్బా అయినా ముందు తలకిందులు చేసి, ఒక కన్ను మూసి, దాని మీది అక్షరాల వంక దొంగను చూసినట్టు చూస్తుంది. కంపాస్‌తో గీసినట్టు గుండ్రంగా, తోకలూ కొక్కేలూ లేకుండా, కుడికి వాలిన 'O' అక్షరం కనబడితే ఇక వదలదు. గుండ్రటి అక్షరాన్ని యంత్రంతో ఊరికే వంచేస్తే ఒక భుజం ఉబ్బి, ఇంకో భుజం చిక్కిపోతుంది. దాన్ని చేత్తో సరిదిద్దారో, పని ఎగ్గొట్టారో ఆమెకు తేలాలి. "మోసం!" అని గొణిగి సంచీ నలిపేస్తుంది, రొట్టె మాత్రం తింటుంది.

ఆసుపత్రి బోర్డుల కోసం ఏడాదిగా గీసిన అలాంటి వాలు అక్షరాల కాగితాలను పంపడానికి కవర్లో పెట్టి అంటించిన రోజే, వడ్రంగి ఉర్బాన్ ఆమె గదికి కొత్త తలుపు బిగించాడు.

"ఎడమకి ఒరిగింది," అంది.

ఉర్బాన్ రసమట్టం ఆనించాడు. బుడగ సరిగ్గా నడిమధ్యన నిలిచింది.

"దాన్ని తిప్పి పెట్టండి."

తిప్పాడు. బుడగ మళ్ళీ అక్కడే నిలిచింది.

"ఆ బుడగే గుండ్రంగా లేదు. పోనీ, తలుపుని ఓసారి తలకిందులుగా బిగించి చూపిస్తారా?"

"ఫ్రావ్ లోమాయర్, తలుపు నిటారుగానే ఉందండీ. ఏడాదంతా వాలినవే చూస్తే కళ్ళు మాత్రం ఏం చేస్తాయి?"

అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆమె నవ్వలేదు. కవరు చింపి, కాగితాలు తీసి, తలకిందులు చేసి కిటికీకి ఆనించింది. అన్నీ చక్కగానే ఉన్నాయి. అదే ఆమెకు నచ్చలేదు. చక్కగా ఉన్నాయంటున్నవి, తలుపు ఒరిగిందన్న ఆ కళ్ళే.