డాక్టరు గారు స్టూలు మీద కూర్చున్న రోజు

దయ్యాలు, మహిమలు అనేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా అలాంటివి పెడితే, "ముందు డాక్టరుకి చూపించుకోండి" అని రాసేది నేనే. ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక డాక్టరు గురించే. నమ్మండి, నమ్మకపోండి, మీ ఇష్టం.

మాది కాకినాడ వైపు. ఉద్యోగాల కోసం వచ్చి బౌరంపేటలో ఉంటున్నాం. మా అక్క, బావ ఉండేది రెండు వీధుల అవతలే. అక్క స్కూల్లో లెక్కల టీచరు. పోయినేడు వేసవి సెలవులయ్యాక ఉన్నట్టుండి మాటలు తగ్గించేసింది. తర్వాత తిండి మానేసింది. ఒకరోజు క్లాసులో చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు అలాగే నిలబడిపోయిందట. పిల్లలు భయపడి హెడ్మాస్టర్ని పిలుచుకొచ్చారు. షామీర్‌పేట దాటాక ఉన్న ఒక మానసిక వైద్యశాలలో చేర్పించాం. దాని పేరు చెప్పను.

అక్కడ పేషెంటు వెంట ఇంటి మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి. బావకి సెలవు దొరకలేదు, నేనున్నాను. ఆడవాళ్ళ వార్డు పొడుగాటి హాలు. ప్రతి మంచం పక్కనా ఒక ప్లాస్టిక్ స్టూలు, దాని మీద నాలాంటి వాళ్ళు. అన్ని మంచాలకీ కలిపి ఒక్కరే డాక్టరు. ఆయనకి పొద్దున మేడ్చల్‌లో ఓపీ, మధ్యాహ్నం ఇక్కడ రౌండ్స్, సాయంత్రం పేట్ బషీరాబాద్‌లో క్లినిక్.

మంచి మనిషే, కానీ ఊపిరి తీసుకునే తీరిక లేదు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, "నిద్ర పోతున్నదా? తింటున్నదా?" అని నన్ను అడిగేవారు. నేను నోరు తెరిచేలోపు ఫోను మోగేది. అవే మందులు వాడమని చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోయేవారు. అక్కని సూటిగా ఒక్క మాట అడగ్గా నేను చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈలోగా డబ్బు నీళ్ళలా ఖర్చవుతోంది. గుండె జబ్బయితే మారు మాట్లాడకుండా ఇచ్చే ఇన్సూరెన్సు వాళ్ళు మనసు జబ్బు అనేసరికి సవాలక్ష ప్రశ్నలు వేశారు. ఆ ఒక్క నిమిషం నిలబడినదానికి కూడా బిల్లులో రోజుకో డాక్టరు విజిట్ పడేది. చివరికి బావ చేతులెత్తేశాడు. "ఇంటికి తీసుకెళ్ళిపోదాం, మందులు అక్కడైనా ఇవే కదా" అన్నాడు. డాక్టరు గారు కూడా నడుస్తూ నడుస్తూనే, సరే, రేపు తీసుకెళ్ళమన్నారు. నాకు మాత్రం అక్క కళ్ళు చూస్తే భయంగా ఉంది.

డిశ్చార్జి రోజు పొద్దుటి నుంచీ కుండపోత వాన. బావ కింద బిల్లు కౌంటరు దగ్గర లైన్లో ఉన్నాడు. నేను అక్క బట్టలు సర్దుతున్నాను. భోజనాలయ్యాక డాక్టరు గారు వచ్చారు. అలవాటు ప్రకారం లేచి నిలబడ్డాను. ఆయన నా స్టూలు జరుపుకుని అక్క తల దగ్గర కూర్చున్నారు.

ఆయన చేతిలో ఫైలు లేదు. ఫోను మోగలేదు. అక్కనే చూస్తూ, "ఆ దినం క్లాసుల ఆగిపోయినప్పుడు, బోర్డు మీద ఏం రాస్తున్నరమ్మా మీరు?" అని అడిగారు.

ఆ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. అక్క గోడ వైపు చూస్తూనే చెప్పడం మొదలుపెట్టింది. ఏం చెప్పిందో అంతా ఇక్కడ రాయను, అది అక్క సొంతం. చివర్లో మాత్రం, "ఇంటికి పంపిస్తే నేను బతకనండి. అనుకునే ఉన్నాను" అంది, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా. ఆయన తల ఊపి, నా వైపు తిరిగి, "ఇయ్యాల తీస్కపోకుండ్రి అమ్మా" అన్నారు.

నేను పరుగున కిందికెళ్ళి బావకి చెప్పాను. అందరి ముందూ ఏడ్చేశాడు. డిశ్చార్జి ఆపించి ఇద్దరం పైకొచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంది, అక్క నిద్రపోతోంది.

కాసేపటికి డాక్టరు గారు మెట్లెక్కి వచ్చారు. చొక్కా తడిసి ముద్దయింది, ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. ఇందాక నేను చూసినప్పుడు ఆ చొక్కా ఇస్త్రీ మడత కూడా నలగలేదు.

"సారీ అమ్మా. మేడ్చల్ కాడ రోడ్డు మీద నీళ్ళు. గింతసేపు కార్లనే ఇరుక్కున్న. మీరింకా పోలేదా?"

"మీరే కదండీ తీసుకెళ్ళొద్దన్నారు!"

ఆయన నన్ను కూడా ఒక పేషెంటును చూసినట్టు చూశారు. నేను పంతం పట్టి బోర్డు ప్రశ్న సంగతి చెప్పాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "కార్ల కూసోని అది నేను అనుకున్నదమ్మా. ఒక్కసారన్న కూసోని ఆమెను గిది అడగాలె అనుకున్న. ఎవ్వరికీ చెప్పలే."

నా మాట నిజమని చూపించాలని పక్క మంచం యాదమ్మని సాక్ష్యం అడిగాను. ఆమె కూతురు ఆ వార్డులో పేషెంటు. "యాదమ్మా, సారు మా స్టూలు మీద కూర్చోవడం చూశావు కదా?"

"మీ కాడ ఏడ గూసున్నడమ్మా? అన్నం తిన్నకాడికెల్లి సారు మా బిడ్డ కాడనే ఉండె. మస్తుసేపు మాట్లాడిండు."

ఎదురు మంచం దగ్గరున్నామె అడ్డొచ్చింది. "లేదండీ, మా అత్తయ్య దగ్గర కదా కూర్చున్నారు!" ఆ మూల నుంచి ఇంకొకరు, కిటికీ దగ్గర నుంచి మరొకరు. వార్డంతా ఒకటే గోల. ప్రతి ఒక్కరిదీ అదే మాట. అదే సమయంలో, తమ స్టూలు మీదే, తమ మనిషితోనే ఆయన మాట్లాడారు. అంతసేపూ నేను అక్కని తప్ప మరో మంచం వైపు చూడలేదు. వాళ్ళూ అంతే.

డాక్టరు గారు మెల్లగా యాదమ్మ కూతురి దగ్గరికి వెళ్ళారు. "నిన్ను నేనేం అడిగిన బిడ్డా?"

చేరినప్పటి నుంచీ ఎవరితోనూ మాట్లాడని పిల్ల తలెత్తి చెప్పింది. "పుట్టంగనే పోయిన పాపకు ఏం పేరు పెడ్దామనుకున్నవని అడిగిన్రు సార్."

ఆయన స్టూలు మీద కూర్చోలేదు, కూలబడ్డారు. "గది గూడ కార్ల అనుకున్నదే" అన్నారు. ఆ తర్వాత మొహం చేతుల్లో దాచుకున్నారు.

మెట్లకెదురుగా లైన్లో నిలబడ్డ బావ, డాక్టరు గారు అంతకుముందు పైకి వెళ్ళడం చూడలేదన్నాడు. గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు, డాక్టరు గారి కారు ఒక్కసారే వచ్చిందన్నాడు. అలసిపోయిన మనుషులు అందరూ కలిసి ఊహించుకుని ఉంటారని ఒక స్నేహితురాలు అంది. అది నిజమే అనుకున్నా, అక్కకో ప్రశ్న, యాదమ్మ కూతురికో ప్రశ్న, రెండూ ఆయన మనసులోవే ఎలా అయ్యాయో ఆమె కూడా చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేను.

బావ కారు అమ్మేసి అక్కని అక్కడే ఇంకొన్నాళ్ళు ఉంచాడు. ఇప్పుడు మళ్ళీ స్కూలుకి వెళ్తోంది. డాక్టరు గారు ఇప్పటికీ మూడు చోట్లా పరుగులు పెడుతున్నారని విన్నాను. వార్డుకి రెండో డాక్టరు రాలేదు.

మొన్న ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు వచ్చినాయన ఎవరంటావక్కా?"

అక్క పరీక్ష పేపర్లు దిద్దుతూ తలెత్తకుండానే అంది. "ఎవరైతే నాకేంటే. ఆయన అడక్కపోతే, ఆ సాయంత్రానికే నేను లేను."