సంగారెడ్డిలో మా బావ

దయ్యాల కథలు చెప్పుకుంటూ దొరికిన పిల్లల్ని క్లాసు బయట నిలబెట్టే టీచర్ని నేను. సైన్సు చెబుతాను. చర్చికి పోతాను, పడుకునే ముందు ప్రార్థన చేసుకుంటాను. కానీ చచ్చిపోయినవాళ్ళు కనిపించారని ఎవరైనా అంటే చిన్నప్పటి నుంచీ నాకు నవ్వే వచ్చేది. ఇప్పుడు కూడా ఎవర్నీ నమ్మించాలని రాయడం లేదు. మా అక్కకు జరిగింది కాబట్టి, అందులో కొంత నా కళ్ళ ముందే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

అక్క పేరు రూతు. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉంటుంది. బావ సుధాకర్ జిన్నారం వైపు ఒక కెమికల్ ఫ్యాక్టరీలో రియాక్టర్ దగ్గర పనిచేసేవాడు. అక్క ఇంకో కంపెనీలో ప్యాకింగ్ చేసేది. ఆయనకు రాత్రి షిఫ్టు, ఈమెకు పగలు. ఒకే మంచం మీద ఒకరి తర్వాత ఒకరు పడుకున్నట్టే గడిచింది వాళ్ళ కాపురం. పిల్లలు కలగలేదు.

బావ మంచివాడే కానీ మాట తక్కువ. ఒకసారి ఫ్యాక్టరీలో నిచ్చెన మీంచి జారిపడితే ముందు పన్ను సగానికి విరిగింది. అప్పటి నుంచి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

అక్కకు సంగారెడ్డి చూడాలని ఉండేది. పెద్ద కోరికేం కాదు. మా ఊరికి పోతూ వస్తూ బస్సు కిటికీలోంచి చూడడమే తప్ప, దిగి తిరిగింది లేదు. ఆదివారం తీసుకుపోతానని బావ అంటూనే ఉండేవాడు. ఆదివారం వస్తే డ్యూటీ పడేది, లేకపోతే నిద్ర.

ఒక రోజు రియాక్టర్ పేలింది. మేకులు కొట్టిన పెట్టెను ఇంటికి తెచ్చారు. బావ వాళ్ళ అన్న ఒక్కడే ఆస్పత్రి లోపలికి పోయి గుర్తుపట్టి వచ్చాడు. ఎట్లా గుర్తుపట్టాడని మేమెవరం అడగలేదు. మూత తియ్యమని అక్క ఎంత ఏడ్చినా తియ్యలేదు.

ఆ తర్వాతే నాకు సంగారెడ్డికి బదిలీ అయింది. అంతకుముందు ఆ ఊళ్ళో మాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

జిల్లా కేంద్రమంటే ఆఫీసులు, కోర్టు, ఫైళ్ళు పట్టుకుని పరుగెత్తే జనం అనుకుంటాం. సెలవు రోజు ఆ జనం ఉండరు. అప్పుడు సంగారెడ్డి బాగుంటుంది. కలెక్టరేట్ రోడ్డు మీద చెట్ల నీడ తప్ప ఏమీ కదలదు. పాత జైలు రాతిగోడ ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. పాత బజారు సందుల్లో కట్టె తలుపుల దుకాణాలు, అరుగుల మీద కుట్టుమిషన్లు, ఇరానీ చాయ్ వాసన. సాయంత్రం చెరువు కట్ట మీదికి ఊరంతా వస్తుంది. ఎవరూ తొందరపడరు. కొత్తవాళ్ళను కూడా పలకరిస్తారు.

వానలు తగ్గాక ఒక ఆదివారం చర్చి అయిపోగానే అక్కను తీసుకొచ్చాను. జైలు చూపించాను, ఇప్పుడది మ్యూజియం. బజారంతా నడిచాం. జామకాయ కొనిస్తే పెట్టెను మట్టిలో పెట్టిన తర్వాత మొదటిసారి ఆకలితో తిన్నది.

పాత బజారులో గాజులమ్మే ఒక ముసలామె ఉంది. అక్కను చూడగానే పీట ముందుకు జరిపింది.

"రా బిడ్డా, కూసో. ఇయ్యాల ఆయన రాలేదా?"

అక్కకు అర్థం కాలేదు. ఇంకెవరనో పొరబడిందనుకుని, తన భర్త చనిపోయాడని మెల్లగా చెప్పింది. ముసలామె చెంపలు వేసుకుంది.

"తౌబా, గట్ల అనొద్దు. మొన్న శుక్రారం జుమ్మా నాడు నీ పక్కనే కూసున్నడు గదా. పచ్చ గాజులు ఎక్కియ్యమని ఆయనే చెప్పిండు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటడు, ఆయనే గదా?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. నేను ఏదో చెప్పి అక్కడి నుంచి లేపుకొచ్చాను. పోలిన మనుషులు ఉంటారని, ముసలామెకు చూపు సరిగ్గా ఆనదని దారంతా చెప్పాను. అక్క వింటున్నట్టే ఉంది.

కట్ట మీద బజ్జీల బండి దగ్గర ఆగాం. బండతను నా ప్లేటులో ఉల్లిగడ్డ ముక్కలు వేశాడు, అక్క ప్లేటులో వెయ్యలేదు. అక్కకు పచ్చి ఉల్లిగడ్డ పడదు. మేమేమీ చెప్పలేదు. నేను అడిగితే, "సార్ మొన్న చెప్పిండు గదా మేడమ్, అక్కకు పడదని" అన్నాడు.

ఆ మాట విన్నాక అక్క ముఖంలోకి రక్తం వచ్చింది. అది నేను మర్చిపోలేను. నెలల తరబడి బూడిద రంగులో ఉన్న ముఖం అది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చేది. తర్వాత ప్యాకింగ్ పని మానేసి నా దగ్గరే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని బజారుకు పోయేది. ఎప్పుడు పోయినా, మీరిద్దరు ఇప్పుడే పోయిండ్రు గదా అనేవారు. పూలమ్మే ఆమె, చాయ్ హోటలతను, కట్ట మీద మక్కకంకులు కాల్చే ఆమె, అందరూ అదే మాట. కొందరు అక్కను చూసి, ఇంతలోనే చీర మార్చుకుని వచ్చావా అని అడిగారు.

ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. వాళ్ళు చెప్పిందంతా ప్రేమగానే చెప్పారు. ఆయన తన వెంట ఉన్న ఆమెకు మల్లెపూలు కొని స్వయంగా జడలో పెట్టాడని, ఎండ తగలకుండా తన చేతి రుమాలు ఆమె తల మీద కప్పాడని, ఇద్దరూ కట్ట మీద కూర్చుని చీకటి పడేదాకా ముచ్చట్లు పెట్టుకుంటారని. అక్క ఒక్కో మాటా అడిగి అడిగి చెప్పించుకునేది. ఇంటికొచ్చి నాకు చెప్పేది. ఒక రోజు అన్నం కలుపుతూ ఆగిపోయింది.

"నాకెప్పుడు పూలు కొనలే మేరీ. పదకొండేండ్లల్ల ఒక్కసారి గూడ కొనలే."

నాకు భయం మొదలైంది ఆ రోజే. దయ్యమని కాదు, అక్క ఏమైపోతుందోనని.

అక్కకు తెలియకుండా గాజుల ముసలామె దగ్గరికి పోయాను. ఫోన్లో మా బంధువుల మగవాళ్ళ ఫోటోలు ఒకటొకటిగా చూపించాను, మధ్యలో బావది. మిగతావాటికి తల అడ్డంగా ఊపింది, బావ దగ్గర వేలు పెట్టింది. అక్క మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చెప్పిన శుక్రవారం గురించి ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ను అడిగాను. ఆ రోజు అక్క ఇస్నాపూర్‌లో డ్యూటీలోనే ఉంది, పొద్దున నుంచి సాయంత్రం దాకా. బావ వాళ్ళ అన్నకు ఫోన్ చేసి, ఆస్పత్రిలో చూసింది తమ్ముడినేనా అని అడిగాను.  నేనే గదమ్మా చూసింది అని ఏడ్చాడు. ఇంక అడగలేకపోయాను.

పాస్టర్‌గారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. డాక్టరు నిద్ర మాత్రలు రాసిచ్చాడు. అక్క రెండింటికీ ఒప్పుకుంది, తెల్లారగానే బజారుకు పోయింది.

ఒక శనివారం బడి అయిపోగానే నేను కూడా అక్కతో కట్ట మీదికి పోయాను. ఎండ ఇంకా ఉంది. నీళ్ళ మీద మెరుపు, పిల్లల సైకిళ్ళు, మామూలు సాయంత్రం. నేను మక్కకంకుల దగ్గర ఆగాను. అక్క ముందుకు నడిచింది.

కంకి చేతికి తీసుకుని తలెత్తి చూశాను. కొంచెం దూరంలో ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒక మగమనిషి, ఆయన చెయ్యి పట్టుకుని ఒక ఆడమనిషి, వాళ్ళకు ఎదురుగా ఇంకో ఆడమనిషి. ఆ మగమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కనున్న ఆమె తలలో పూలున్నాయి, ఏదో చెబుతూ నవ్వుతోంది. అక్క ఎంత బాగుంది అనుకున్నాను.

అవును, ఆమెనే అక్క అనుకున్నాను. ఎదురుగా భుజాలు వంగిపోయి నిలబడ్డ మనిషి ఎవరో ముసలామె అనుకున్నాను, ఏదైనా అడుక్కుంటోందేమో అని కూడా అనుకున్నాను. ఆ వంగిన మనిషి కట్టుకున్నది నా చీర అని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

కంకి అక్కడే పడేసి ఉరికాను. మధ్యలో సైకిళ్ళ మీద పిల్లలు అడ్డం వచ్చారు. నేను చేరేసరికి అక్క ఒక్కతే నిలబడి ఉంది. కట్ట దిగే మెట్ల దిక్కు చూస్తోంది. మెట్లు దిగి బజారు దాకా పోయి వెతికాను. శనివారం జనం. ఎవరూ కనిపించలేదు. తిరిగొచ్చి మక్కకంకుల ఆమెను అడిగితే, ఆ ఇద్దరూ మెట్లు దిగిపోయారని, మీ అక్కతో మాట్లాడారు కదా అని చెప్పింది. అంటే చూసింది నేనొక్కదాన్నే కాదు.

ఇంటికొచ్చాం. గడప దగ్గర చెప్పులు విప్పుతూ అక్క చెప్పింది.

"నన్ను గుర్తు పట్టలే. పేరు పెట్టి పిలిస్తే, ఎవరమ్మా మీరు, ఎవరి కోసం సూస్తున్నరు అన్నడు. మర్యాదగనే అన్నడు."

ఆమె ఏమన్నదని అడిగాను.

"ఆమె నా దిక్కు జాలిగ సూసింది. పాపం ఎంత పరేషాన్‌ల ఉన్నదో, జల్దీ పోదం పా అని ఆయన చెయ్యి గుంజింది. నా గొంతే, మేరీ. నా గొంతుతోనే అన్నది."

మర్నాడు అక్క ఇస్నాపూర్ వెళ్ళిపోయింది. మళ్ళీ ప్యాకింగ్ పనిలో చేరింది. సంగారెడ్డి రాలేదు. నేను రమ్మనలేదు కూడా. బజారులో ఆ ఇద్దరూ తర్వాత కనిపించారో లేదో నాకు తెలియదు. నేను ఇప్పుడు ఆ సందుల్లోకి పోను. కూరగాయలు కూడా రోడ్డు మీదే కొనుక్కుంటున్నాను.

బావ పోయి ఏడాది నిండినప్పుడు వాళ్ళ ఊళ్ళో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అక్కను తీసుకుపోదామని ఇస్నాపూర్ వెళ్ళాను. డ్యూటీ బట్టల్లో ఉంది. రానన్నది. నలుగురూ ఏమనుకుంటారని బతిమాలాను. ఆమె ముఖంలో కోపం లేదు, కన్నీళ్ళు లేవు.

"కూడిక సచ్చిపోయినోళ్ళకు పెడ్తరు. ఆయన మంచిగనే ఉన్నడు. సచ్చిపోతే నాకు మిగిలేటోడు, ఏడ్సుకుంట బతుకుదును. ఇప్పుడు దేనికని ఏడ్వాలె?"

అని టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని కంపెనీ బస్సెక్కింది.

నేను ఒక్కదాన్నే పోయాను. పాటలు పాడారు. పాస్టర్ వాక్యం చదివి, భార్య రెండు మాటలు చెప్పాలని పిలిచాడు. అందరూ నా వైపు చూశారు. అక్కకు ఒంట్లో బాగాలేదని చెప్పి కూర్చున్నాను.

పోలికలని, భ్రమ అని, జనం మాటలు విని నా కళ్ళు కూడా మోసపోయాయని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. పిల్లలకైతే అదే చెబుతాను. ఉల్లిగడ్డ సంగతి, నోటికి అడ్డం పెట్టుకునే చెయ్యి సంగతి, ఆ శుక్రవారం సంగతి మాత్రం ఎటు తిప్పినా అందులో ఇమడలేదు.

భోజనాలయ్యాక బావ వాళ్ళమ్మ నన్ను పక్కకు తీసుకుపోయింది. చూపు తగ్గింది ఆమెకు. నా ముఖం తడిమి చూసి మెల్లగా అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. మీ అక్క నా కొడుకును అప్పుడే మర్చిపోయిందా?"